మా చేని విత్తనపు గడ్డ

ఒకే వస్తువునకు తెలుగునాట మూడు పేర్లుండుట వింత గాదు. ఆ పేర్లలో దాని మూడు త్రోవలు కనబడుట మాత్రము వింతయే. కోస్తా జిల్లాలవారు దానిని బంగాళాదుంప యందురు. ఆ పేరున బంగాళము వినబడుచున్నది. తెలంగాణమువారు ఆలుగడ్డ యందురు. అందు ఉత్తరాది భాషల 'ఆలూ' కలదు. మా చిత్తూరు జిల్లా పడమటి సీమలో దానికి ఉర్లగడ్డ యని పేరు. పొరుగున నున్న తమిళులు 'ఉరుళైక్కిళంగు' అందురు. ఉరుళుట యనగా వారి భాషలో దొర్లుట. నేలపై విడిచినచో దొర్లిపోవు గడ్డ యని ఆ పేరునకు అర్థము.

ఏ పేరుతో పిలిచినను అది మన నేల బిడ్డ గాదు. దక్షిణ అమెరికాలోని ఆండీసు పర్వతములపై, ఇప్పటి పెరూ, బొలీవియా దేశముల ప్రాంతమున, ఏడెనిమిది వేల యేండ్లకు పూర్వమే అచ్చటి ప్రజలు దానిని సాగు చేయ నారంభించిరి. 16వ శతాబ్దమున స్పెయిను దేశీయులు దానిని ఐరోపాకు గొనిపోయిరి. పోర్చుగీసు వర్తకుల వెంట అది 17వ శతాబ్దమున మన దేశమునకు వచ్చినది. ఇంత దూరము నడచి వచ్చిన గడ్డ మా చేనికి 1977లో వచ్చెను. దాని వలన నేను నేర్చిన పాఠమొకటి కలదు. బడిలో చదివిన పాఠములలో చాల భాగము మరచితిని గాని, దీనిని మరువలేదు.

మాది పలమనేరు దగ్గర నొక చిన్న పల్లె. ఆ సీమ సముద్రమట్టమునకు రెండు వేల అడుగులకు పైబడిన యెత్తున నున్నది. నేల ఎర్రనిది. పగలు ఎండ కాసినను రాత్రులు చల్లగా నుండును. ఉర్లగడ్డకు కావలసినది ఆ చల్లదనమే. పగటివేళ ఆకులు వండిన ఆహారమును మొక్క రాత్రివేళ క్రిందికి దించి గడ్డలో దాచును. రాత్రులు వేడిగా నున్నచో ఆ ఆహారమును తానే ఖర్చు చేసికొనును. ఆకు పెరుగును గాని గడ్డ ఊరదు. అందువలననే ఉత్తరాది మైదానములలో ఈ పైరును ముఖ్యముగా శీతకాలమున వేయుదురు. మా సీమలో మృగశిర కార్తెలో ఒక పంట, విశాఖ కార్తెలో ఒక పంట వేయుట కలదు.

అంతవరకు మా నాయన రాగి, వేరుశనగ, కొంచెము చెరకు పండించెడివాడు. ఆ సంవత్సరము బావి క్రింది అర ఎకరములో ఉర్లగడ్డ వేయ నిశ్చయించి, విత్తనమునకై అప్పు చేసెను. నాలుగు క్వింటాళ్ల విత్తనము ఎనిమిది బస్తాలలో వచ్చినది. మా అవ్వ ఆ బస్తాలను చూచి, "ఇన్ని గడ్డలు మట్టిలో పూడ్చుటకా? ఊరంతటికి పులుసు పెట్టవచ్చునే!" అని ఆశ్చర్యపడెను. వరికి గాని రాగికి గాని గంపెడు గింజలు చాలును. ఉర్లగడ్డకు ఎకరమునకు ఆరు మొదలు ఎనిమిది క్వింటాళ్ల విత్తనము కావలెను. ఈ పంటలో ఖర్చంతయు విత్తనమునందే యున్నదని మా నాయన నాడే చెప్పెను. దాని లోతు మాకు పిమ్మట గాని తెలియలేదు.

ఆ రకము పేరు కుఫ్రీ జ్యోతి. కుఫ్రీ యనునది సిమ్లా కొండలలో ఎనిమిది వేల అడుగులకు పైగా ఎత్తున నున్న ఊరు. 1949లో పాట్నాలో నెలకొల్పబడిన కేంద్ర బంగాళాదుంప పరిశోధన సంస్థ 1956లో సిమ్లాకు మార్చబడినది. అచ్చటి వేసవిలో పగళ్లు దీర్ఘములు, గాలి చల్లన. అందువలన మైదానములలో పూయని రకములు గూడ కుఫ్రీలో పూచి కాయలు కాయును. ఒక మొక్క పుప్పొడిని వేరొక మొక్క పూవునకు అంటించి క్రొత్త రకములను పుట్టించుటకు అంతకంటె అనువైన తావు లేదు. ఆ సంస్థ విడుదల చేసిన రకముల పేర్లు కుఫ్రీ యను మాటతో మొదలగుటకు కారణమిదియే. జ్యోతి 1968లో విడుదలయ్యెను. దాని తల్లిదండ్రులకు పేర్లు గూడ లేవు. పరిశోధకుల పుస్తకములో సంఖ్యలు మాత్రమే కలవు.

జ్యోతి గడ్డ కోలగా, పెద్దదిగా నుండును. తోలు నున్నన, రంగు తెలుపు. లోపలి కండయు తెల్లనిదే. కన్నులు లోతు లేనివి గావున తోలు తీయునప్పుడు కండ వృథా కాదు. ఉడికించినచో తోలు సులువుగా ఊడివచ్చును, ముక్క నల్లబడదు. మొక్క నిటారుగా పెరిగి తెల్లని పూలు పూయును. మైదానములలో ఇంచుమించు నూరు దినములకు పంట చేతికి వచ్చును. విడుదలయైన కాలమున ఆకుమాడు తెగులును తట్టుకొను గుణము దానికి ఉండెను. రోగములు సోకి విత్తనము చెడుట గూడ తక్కిన రకముల కంటె దీనియందు నెమ్మదిగా జరుగును. ఇన్ని సుగుణములున్నను దోషము లేకపోలేదు. నీరు కొన్నాళ్లు ఎండగట్టి ఒక్కసారిగా పెట్టినచో గడ్డ పగులును.

మా నాయన మడక కట్టి నేలను నాలుగు చాళ్లు దున్ని, పేడఎరువు తోలించి, మట్టిని పిండివలె చేసెను. మట్టి గుల్లగా నున్నగాని గడ్డ తన ఇచ్చవచ్చినట్లు ఊరదు. రెండడుగుల యెడముతో బోదెలు తీసి, జానెడు దూరమున నొక గడ్డ చొప్పున నాటితిమి. పెద్దగడ్డలను కోసి, కోతకు బూడిద అద్ది నాటువారు కలరు. వానకాలమున తడినేలలో కోసిన ముక్క కుళ్లును. కోసిన కత్తియే ఒక గడ్డ రోగమును మరియొక గడ్డకు మోయును. కావున ముప్పది నలుబది గ్రాముల తూకము గల నిండు గడ్డలనే మేము నాటితిమి.

నెల దినములకు మొక్కలు జేనెడెత్తయ్యెను. అప్పుడు పారలతో సాళ్లలోని మట్టిని తీసి మొక్కల మొదళ్లకు ఎగదోసితిమి. ఈ పని ఎందులకని నేను అడిగితిని. మా నాయన ఒక గడ్డను మట్టిపై నుంచి, "వారము దినములు దీనిని చూడు" అనెను. ఎండ సోకి అది పచ్చబడినది. ఉర్లగడ్డ వేరు గాదు. నేలలో ఊరిన కాండమే. కన్నులనబడునవి మొగ్గలు. వెలుగు తగిలినచో కాండమువలెనే అది పచ్చనగును. దానితో పాటు అందు సొలనిన్ అను విషపదార్థము పెరుగును. పచ్చబడిన గడ్డను తినరాదు. కాని విత్తనపు గడ్డ నీడపట్టున కొంచెము పచ్చబడినచో దోషము లేదు. అట్టి గడ్డ నుండి మొలకలు పొట్టిగా, దృఢముగా వచ్చును. తినుటకు పనికిరానిది నాటుటకు పనికి వచ్చుట నాకు విచిత్రముగా తోచెను.

నీరు బోదెకు సగమెత్తున మాత్రమే పారవలెను. పైకెక్కి బోదెను ముంచరాదు. నూరు దినములు సమీపింపగా ఆకు పసుపుబారినది. కోతకు పదిదినములు ముందుగా తీగలను కోసివేసి నీరు ఆపితిమి. అట్లు చేసినచో నేలలోని గడ్డకు తోలు గట్టిపడును. లేనిచో త్రవ్వునప్పుడే తోలు ఊడి, గడ్డ నిలువ యుండదు.

ఆ మొదటి పంటకు డెబ్బది బస్తాలు వచ్చెను. త్రవ్విన రాత్రి మా అవ్వ రాగిసంగటి కెలికి ఉర్లగడ్డ పులుసు చేసెను. ముద్దలో గడ్డను చిదిపినచో వెన్నవలె కలిసిపోయినది. అప్పు తీరినది. మా నాయన సంతలో నాకొక క్రొత్త చొక్కా కొనెను.

ఇక్కడ నుండియే నా కథ మొదలగుచున్నది. తరువాతి పంటకు విత్తనము కావలెను. విత్తనము కొనుట భారమని మా పంటనుండియే తీసి యుంచుటకు నిశ్చయించితిమి. ఆ పని నాకు అప్పగింపబడినది. నేను కొట్టములోని కుప్ప ముందు కూర్చుండి, పెద్దగడ్డలను ఒక ప్రక్కకు, కోడిగ్రుడ్డంత గడ్డలను మరియొక ప్రక్కకు వేరు చేసితిని. పెద్దవి అంగడికి పోయినచో ఎక్కువ ధర పలుకును. చిన్నవి కోయకుండ నాటుటకు తగును. ఈ ఏర్పాటు నాకు మిక్కిలి తెలివిగా తోచెను. మా నాయన నా భుజము తట్టి, "లెక్క తెలిసినవాడవు రా!" అనెను. ఆ మాట నన్ను చాల దినములు సంతోషమున నుంచినది.

రెండవ పంటకు అరువది రెండు బస్తాలు వచ్చెను. వాన ఎక్కువయినదని యనుకొంటిమి. మూడవ పంటకు నలుబది అయిదు వచ్చెను. ఎరువు చాలలేదని యనుకొంటిమి. ప్రతి పర్యాయము విత్తనము ఏరినవాడను నేనే. ప్రతి పర్యాయము పెద్దవానిని అమ్మి, చిన్నవానిని నాటితిమి.

నాలుగవ పంటను 1978 నవంబరులో నాటితిమి. అప్పుడు నేను ఎనిమిదవ తరగతి చదువుచుంటిని. మొక్కలు మొలచినవి గాని మోకాలెత్తు గూడ పెరుగలేదు. క్రింది ఆకులు అంచులు పైకి లేచి దొప్పలవలె ముడుచుకొనెను. చేత నొక్కినచో ఎండుకాగితమువలె గరగరలాడెను. మా నాయన మందు చల్లించెను. ముడుత విడలేదు. నీరు పెట్టెను, ఎరువు వేసెను; ఫలము లేకపోయెను.

అప్పుడొకనాడు వ్యవసాయ విస్తరణాధికారి మా ఊరికి వచ్చెను. చేనిలో నాలుగు మూలలు నడచి, ఒక మొక్కను వేళ్లతో పెరికి చూచి, "పెద్దాయనా, విత్తన మెక్కడిది?" అని అడిగెను.

"మాదే నయ్యా. మొదట కొన్నది. తరువాత మూడు పంటలుగా మా కుప్ప నుండియే తీయుచున్నాము."

"కుప్పలో దేనిని తీసితిరి?"

మా నాయన పలుకలేదు. నేను ముందుకు వచ్చి, "చిన్నవానిని తీసితినండి" అంటిని.

ఆయన నన్ను కోపగింపలేదు. గనిమపై కూర్చుండి, నన్ను దగ్గరకు పిలిచి యిట్లు చెప్పెను: "బాబూ, ఇది ఆకుముడుత తెగులు. కంటికి కనబడని వైరసు వలన వచ్చును. ఆకుల క్రింద పేనుబంక చేరి రసము పీల్చును గదా, అదియే రోగిమొక్క నుండి మంచిమొక్కకు దీనిని మోయును. మొక్కలో చేరిన వైరసు గడ్డలోనికి దిగును. ఆ గడ్డను నాటినచో మొలచిన మొక్క పుట్టుకతోనే రోగి. దానిని మాన్పు మందు లేదు. ఇప్పుడొక సంగతి ఆలోచింపుము. ఆరోగ్యముగల మొక్క క్రింద పెద్దగడ్డలును ఉండును, చిన్నగడ్డలును ఉండును. రోగిమొక్క క్రింద చిన్నవి మాత్రమే యుండును. కుప్పగా పోసిన తరువాత చిన్నవాని నన్నిటిని ఏరినచో నీ చేతికి ఎవరి బిడ్డలు ఎక్కువగా వచ్చును?"

నేను ఉత్తర మీయలేకపోతిని. లెక్క తెలిసినవాడనని పొంగిన నేను, మూడు పర్యాయములు నా చేతులతోనే రోగపు గడ్డలను ఏరి దాచితినని అప్పుడు తెలిసినది.

ఫిబ్రవరిలో త్రవ్వగా పంతొమ్మిది బస్తాలు వచ్చెను. అవియు గోలీలవంటి గడ్డలు. అప్పు తీర్చుటకు మా పాలావును దూడతో గూడ అమ్మవలసి వచ్చెను. ఆ దూడకు గడ్డి వేయుట నా పని. దానిని తోలుకొని పోవునాడు నేను కొట్టము వెనుక నిలుచుండి యేడ్చితిని. మా నాయన వచ్చి నా తలపై చేయి వేసి, "ఏడువకు రా అబ్బాయా. తప్పు నీ ఒక్కనిది గాదు. చేలో చూడవలసినదానిని మనము కుప్పలో చూచితిమి" అనెను. నలుబది యేండ్లు దాటినను ఆ మాట నా చెవిలో నున్నది.

ఉర్లగడ్డ స్వభావము వరివంటిది గాదు. మనము నాటునది గింజ గాదు, మొక్క శరీరములోని తునక. కుఫ్రీలో ఒక పూవున పుట్టిన ఒక్క గింజ మొలచి ఒక మొక్కయైనది. దాని గడ్డలను నాటగా మరికొన్ని మొక్కలు, వాని గడ్డలను నాటగా వేలు, లక్షలు. దేశమందలి జ్యోతి చేలన్నియు ఆ యొక్క మొక్క విస్తరించుటయే. అందువలన జ్యోతి గుణములు ఎన్ని తరములైనను మారవు. ఆ మేలు గొప్పది. కాని గింజ అనేక వైరసులకు అడ్డుగోడ వంటిది. గడ్డకు ఆ గోడ లేదు. ఒక తరమునకు సోకిన రోగము తరువాతి తరమునకు ఆస్తివలె సంక్రమించును.

అన్ని మొక్కలును ఒక్కటే యగుట వలన మరియొక యపాయము గూడ కలదు. ఐర్లండు దేశపు పేదలు లంపర్ అను ఒక్క రకమును నమ్ముకొని బ్రతికిరి. 1845లో అచ్చట ఆకుమాడు తెగులు ప్రవేశించెను. ఒక మొక్కకు లేని శక్తి ఏ మొక్కకును లేకపోయెను. ఆ కరవులో సుమారు పది లక్షలమంది మరణించిరి. ఇంచుమించు అంతమంది దేశము విడిచిపోయిరి. తెగులొక్కటియే గాక నాటి పాలకుల ఉదాసీనత గూడ అందులకు కారణము. మన జ్యోతికి గల నిరోధశక్తిని గూడ కాలక్రమమున ఆ తెగులు జయించినది. దానిని తట్టుకొను క్రొత్త రకములను పరిశోధకులు మరల పుట్టింపవలసి వచ్చినది.

మైదానములలో మంచి విత్తనము పండించు ఉపాయమును సిమ్లా సంస్థకు చెందిన పుష్కరనాథ్ అను శాస్త్రజ్ఞుడు కనుగొనెను. అది మిక్కిలి సులభమైన ఆలోచన. పంజాబు మొదలగు చోట్ల అక్టోబరు నుండి జనవరి మొదటి వరకు చలికి పేనుబంక మిక్కిలి తక్కువగా నుండును. ఆ కాలముననే విత్తనపు పైరును పెంచి, రోగిమొక్కలను పెరికివేసి, పేనుబంక పెరుగకమునుపే తీగలను కోసివేయవలెను. అట్లు పండిన గడ్డలను చలిగిడ్డంగులలో దాచి మరుసటి పంటకు వాడుదురు. దక్షిణాది రైతులు జలంధరు నుండి విత్తనము తెప్పించుకొనుటకు కారణమిదియే. నేడు పరిశోధనశాలలలో మొక్క చిగురుకొసను, ఆవగింజ కంటె చిన్నదానిని, వేరుచేసి పెంచి వైరసు లేని మొక్కలను తయారు చేయుచున్నారు.

మా వంటి చిన్న రైతునకు ఆ అధికారి వేరొక ఉపాయము నేర్పెను. 1979లో మా నాయన కొంచెము మంచి విత్తనము కొని పావు ఎకరములో మాత్రము నాటెను. మొక్కలు పూతకు రాకమునుపు నేను చేతిలో కర్రపుల్లల కట్ట పట్టుకొని ప్రతి సాలును నడచితిని. నిటారుగా, పచ్చగా, ఆకులు విప్పారి యున్న మొక్క ప్రక్కనెల్ల ఒక పుల్ల గ్రుచ్చితిని. పది దినములకు మరల నడచి, ముడుత కనబడినచోట పుల్లను పెరికితిని. మిగిలినవి రెండు వందలు. త్రవ్వునాడు ఆ రెండు వందల మొక్కలను అందరికంటె ముందుగా, ఒక్కొక్కటిగా త్రవ్వితిమి. క్రింద గడ్డలు నిండుగా లేనిదానిని విడిచితిమి. ఉన్నదాని పెద్దగడ్డలను తినుటకు, మధ్యరకమువానిని విత్తనమునకు ఉంచితిమి. ఆ గడ్డలు కుప్పలో కలియలేదు. వానికి వేరొక గంప, వేరొక మూల. ఆ విత్తనముతో పండిన పంట మొదటి పంటవలె కాకపోయినను క్రిందికి జారలేదు. మూడేండ్లకొకసారి క్రొత్త విత్తనము తెచ్చి, నడుమ పుల్లల పద్ధతిని సాగించితిమి. ఉర్లగడ్డ తీసిన నేలలో వెంటనే మరల ఉర్లగడ్డ వేయక రాగి వేయుట గూడ అలవాటు చేసికొంటిమి. అయిదేండ్లకు మా కొట్టములో మరల ఒక ఆవు నిలిచినది.

మా నాయన గతించి చాలకాలమైనది. నేను ఉపాధ్యాయుడనై ఊరూర తిరిగి, పని చాలించి యింటికి చేరితిని. చేను ఇప్పుడు మా తమ్ముని పోషణలో నున్నది. ఉర్లగడ్డ వేసిన యేట నేను పుల్లల కట్ట తీసికొని సాళ్లలో నడచుచుందును. మా తమ్ముని మనుమరాలు నా వెంట వచ్చును. మొన్న ఒక మొక్క ముందు నిలిచి, "తాతా, దీనికి పుల్ల గుచ్చేదా?" అని అడిగినది. మొక్క ఎత్తుగానే యున్నది. నేను వంగి క్రింది ఆకును వ్రేళ్ల మధ్య నొక్కి చూచితిని. కొంచెము గరగరలాడినది. "వద్దమ్మా, ముందుకు పద" అంటిని.

బాలబాలికలారా, కుప్పగా చేరిన తరువాత మంచిచెడ్డలు వేరుచేయుట కష్టము. మొక్క మొక్కగా నున్నప్పుడు, పచ్చగా నున్నప్పుడు చూడవలెను. దానికి డబ్బు గాని యంత్రము గాని అక్కరలేదు. సాలు వెంట నడచు ఓపిక కావలెను.